విదేశంలో డార్క్ చాక్లెట్ కొనేటప్పుడు ప్యాకెట్ ముందు కాదు, వెనక చదవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. డాలస్ వచ్చాక డార్క్ చాక్లెట్ అలవాటు చేసుకుందామని 85 శాతం బార్ తెచ్చారు, నోట్లో పెట్టుకోలేకపోయారు. తక్కువ శాతం తెస్తే వట్టి చక్కెర. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే కరిగి వచ్చింది, ఫ్రిజ్‌లో పెడితే తెల్లబడింది. జూన్‌లో హైదరాబాద్ వెళ్తూ ఇంట్లోవాళ్ళకి ఏం తీసుకెళ్ళాలో కూడా చెప్పమన్నారు. అన్నీ ఒకదానికొకటి ముడిపడినవే కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు శాతం సంగతి. 70 శాతం అని ఉంటే, బార్ బరువులో 70 వంతులు కోకో గింజ నుంచి వచ్చాయని అర్థం. అందులో గింజను రుబ్బిన ముద్ద ఉంటుంది, విడిగా కలిపిన కోకో బటర్, అంటే గింజలోని కొవ్వు, ఉంటుంది, కొన్నిట్లో కోకో పౌడర్ కూడా ఉంటుంది. మిగతా 30 దాదాపుగా చక్కెరే. అంటే ఆ అంకెను బట్టి తీపి ఎంతో తెలుస్తుంది. గింజ మంచిదో కాదో, సరిగ్గా పులిసిందో లేదో, వేయించేటప్పుడు మాడ్చారో లేదో తెలియదు. కాఫీ పొడి ప్యాకెట్ మీద 80:20 అని ఉంటే చికోరీ ఎంతో తెలుస్తుంది గానీ గింజ ఎలాంటిదో తెలియదు కదా, ఇదీ అంతే.

పైగా ఆ అంకెతో చేదు కూడా సరిగ్గా అంచనా కట్టలేం. చేదూ వగరూ వచ్చేది కోకోలో కొవ్వు కాని భాగం నుంచి. కోకో బటర్‌కి చేదు లేదు, నాలుక మీద నునుపు మాత్రం ఇస్తుంది. కాబట్టి ఒక చిన్న తీసివేత నేర్చుకోండి: కోకో శాతంలోంచి 100 గ్రాములకి ఉన్న కొవ్వును తీసెయ్యండి. వచ్చిన అంకె ఎంత పెద్దదైతే నోటికి అంత బరువు. లిండ్ట్ ఎక్సలెన్స్ బార్లనే తీసుకోండి. యూరప్ లేబుళ్ళ ప్రకారం 70 శాతం దాంట్లో కొవ్వు 41 గ్రాములు, 85 దాంట్లో 46, 90 దాంట్లో 55. తీసివేస్తే వరసగా 29, 39, 35. అంటే 90 శాతం బార్ 85 కన్నా మెత్తగా తగులుతుంది. మీరు 85 తిని, 90 ఇంకెంత ఘోరంగా ఉంటుందో అనుకొని ఉంటారు, లెక్క తిరగబడింది. 85 మీకు పడకపోవడానికి మీ నాలుక కారణం కాదు, ఈ మూడిట్లో అదే మొరటు బార్.

అమెరికా లేబుల్ మీద కొవ్వు 100 గ్రాములకి ఇవ్వరు, సర్వింగ్‌కి ఇస్తారు. సర్వింగ్ 30 గ్రాములై, కొవ్వు 14 గ్రాములు ఉంటే, 14ని 30తో భాగించి 100తో గుణించండి, దాదాపు 47 వస్తుంది. అంకెల్ని దగ్గరి పూర్తి సంఖ్యకి సర్ది రాస్తారు కాబట్టి ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ అవుతుంది, ఫర్వాలేదు. బాదం, హేజల్‌నట్ లాంటివి కలిసిన బార్లకి ఈ లెక్క పనికిరాదు, వాటి కొవ్వు కూడా అందులో కలిసిపోతుంది.

ఇక ప్యాకెట్ తిప్పండి. పదార్థాల జాబితా బరువు క్రమంలో ఉంటుంది. మొదటి పేరు చక్కెర అయితే బార్ వెనక్కి పెట్టెయ్యండి, ఇంకేం చదవక్కర్లేదు. మొదట ఉండాల్సింది కోకో ముద్ద. దానికి నాలుగైదు పేర్లు వాడతారు: కోకో మాస్, చాక్లెట్ లిక్కర్, కోకో లిక్కర్, అన్‌స్వీటెన్డ్ చాక్లెట్, ఒక్కోసారి ఊరికే చాక్లెట్. అన్నీ ఒకటే. లిక్కర్ అన్న మాట చూసి మందు కలిసిందని చాలామంది మనవాళ్ళు బార్ వదిలేస్తారు. అందులో చుక్క ఆల్కహాల్ ఉండదు.

'డార్క్' అన్న మాటను మాత్రం నమ్మకండి. అమెరికా నిబంధనల్లో దానికి నిర్వచనమే లేదు. సెమీస్వీట్, బిట్టర్‌స్వీట్ అన్న పేర్లకి కోకో ముద్ద కనీసం 35 శాతం ఉండాలి, స్వీట్ చాక్లెట్ అంటే 15 శాతం చాలు. శాతం ఎక్కడా వెయ్యకుండా ముందు పెద్ద అక్షరాలతో డార్క్ అని మాత్రమే రాసిన బార్‌ని అనుమానంగానే చూడాలి. 'చాక్లెటీ', 'చాక్లెట్ ఫ్లేవర్డ్' అని ఉంటే అది చాక్లెట్ కాదు, కోకో బటర్ బదులు వేరే నూనె పడిందని అర్థం. యూరప్‌లో కోకో బటర్ కాక ఇతర కొవ్వు 5 శాతం దాకా కలపొచ్చు, కానీ ఆ సంగతి ప్యాకెట్ మీద విడిగా రాయాలి. అక్కడ అనుమతించిన ఆరు కొవ్వుల్లో మన వైపువి కూడా ఉన్నాయి: సాల్ గింజల కొవ్వు, కోకమ్ కొవ్వు, మామిడి టెంకలోని జీడి కొవ్వు. ఆరోగ్యానికి ఇబ్బంది ఏమీ లేదు గానీ, మంచి బార్‌కి వాటితో పనిలేదు.

తర్వాత చూడాల్సింది 'ప్రాసెస్డ్ విత్ ఆల్కలీ'. కోకోను క్షారంతో శుద్ధి చేస్తే పులుపు చచ్చిపోతుంది, రంగు నల్లబడుతుంది, రుచి బిస్కెట్‌లాగా చదునుగా అవుతుంది. బాగా నల్లగా ఉన్న బార్ మంచిదన్న భ్రమ ఇక్కడి నుంచే వచ్చింది. అసలైన మంచి 70 శాతం బార్లు చాలావరకు ఎర్రటి గోధుమ రంగులో ఉంటాయి. యాంటీఆక్సిడెంట్ల కోసం తినేవాళ్ళకి కూడా ఈ మాట ముఖ్యం, క్షారం పడితే ఫ్లేవనాల్స్ అనే ఆ పదార్థాలు చాలా భాగం పోతాయి.

వెనిలా నిజమైనదైతే తప్పు కాదు. 'వెనిలిన్' లేదా 'ఆర్టిఫిషియల్ ఫ్లేవర్' అని ఉంటే గింజలో లేని వాసనని పైనుంచి పూస్తున్నారని నా లెక్క. సోయా లెసిథిన్‌కి భయపడకండి. అర శాతం లోపే వేస్తారు, కరిగిన చాక్లెట్ అచ్చుల్లోకి తేలిగ్గా జారడానికి. అది లేని బార్ గొప్పది, ఉన్నది చెత్త అని ఫోరమ్‌లలో చెప్పే మాటకి పెద్ద అర్థం లేదు.

పాలు పడనివాళ్ళు, వీగన్‌లు మాత్రం జాగ్రత్త. కొన్ని పేరున్న డార్క్ బార్లలో 'మిల్క్ ఫ్యాట్', 'బటర్ ఆయిల్' ఉంటాయి. జాబితాలో పాలు లేకపోయినా కూడా ఉండొచ్చు, ఎందుకంటే మిల్క్ చాక్లెట్ నడిపిన యంత్రం మీదే డార్క్ కూడా నడుపుతారు. అమెరికా ఎఫ్‌డీఏ 2015లో వెల్లడించిన పరీక్షలో, పదార్థాల జాబితాలో పాలు రాయని 88 డార్క్ బార్లలో 51 బార్లలో పాల ఆనవాళ్ళు బయటపడ్డాయి. అలర్జీ ఉంటే పాలు అసలు వాడని ఫ్యాక్టరీ సరుకే కొనాలి, 'మే కంటెయిన్' అన్న చిన్న అక్షరాలని తేలిగ్గా తీసుకోవద్దు. శాకాహారులు లోపల నింపుడు ఉన్న వాటిలో జెలటిన్ (జంతువుల నుంచి తీసేది), రమ్ము, మెరిసే పూత ఉన్న గోళీల్లో షెల్లాక్ (లక్క పురుగుల నుంచి వచ్చేది) ఉన్నాయేమో చూసుకోవాలి. విడి డార్క్ బార్‌లో ఈ తలనొప్పి లేదు.

ఎక్కడ కొనాలి? మొదలుపెట్టడానికి ఖరీదైన షాపు అక్కర్లేదు. ఆల్డీలో మోజర్ రాత్ అని దొరుకుతుంది, ఒక పెట్టెలో 25 గ్రాముల చిన్న బార్లు ఐదు విడివిడిగా చుట్టి ఉంటాయి. ఒకటి తెరిస్తే మిగతా నాలుగూ వాసన పోకుండా ఉండటం మన ఇళ్ళకి చాలా అనుకూలం. ట్రేడర్ జోస్‌లో 500 గ్రాముల బెల్జియన్ 72 శాతం పెద్ద పలక రోజువారీ తిండికీ వంటకీ సరిపోతుంది. ఇంకో చిట్కా: చాక్లెట్ల వరస వదిలేసి బేకింగ్ వరసలోకి వెళ్ళండి. అక్కడ గిటార్డ్, గిరార్డెల్లీ బిట్టర్‌స్వీట్ బార్లు ఉంటాయి, గ్రాము లెక్కన అవి తరచూ చవక. 'అన్‌స్వీటెన్డ్' అన్నది మాత్రం పొరపాటున తీసుకోకండి, అది 100 శాతం, చక్కెర ఉండదు.

ధర ఎప్పుడూ గ్రాముల లెక్కనే పోల్చండి. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్ మార్కెట్‌లో కోకో టన్ను 12,000 డాలర్లు దాటింది. అప్పటి నుంచి చాలా బార్లు అదే అట్టలో సన్నబడ్డాయి. 100 గ్రాములుగా కనబడేది 85 కావచ్చు.

మీ వైపు డాలస్, ప్లేనో, సౌత్‌లేక్‌లలో సెంట్రల్ మార్కెట్ అనే సూపర్‌మార్కెట్ ఉంది, అక్కడ చిన్న తయారీదారుల బార్లు పెడతారు. హోల్ ఫుడ్స్‌లో కూడా కొన్ని ఉంటాయి. ఈ చిన్నవాళ్ళు గింజ కొని, తామే వేయించి, రుబ్బి బార్ చేస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కో డాండిలియన్, ఉత్తర కాలిఫోర్నియా డిక్ టేలర్, మిస్సోరీ అస్కినోసీ, నార్త్ కరోలినా ఫ్రెంచ్ బ్రాడ్ ఆ కోవలోవి. ధర ఎక్కువే, చిన్న బార్‌కే పది డాలర్లు దాటొచ్చు. అందుకే ఇవి రోజూ తినడానికి కాదు, రుచి నేర్చుకోవడానికి. మసాచుసెట్స్ టాజా బార్ తిని గరుకుగా ఉందని తిరిగి ఇచ్చేవాళ్ళున్నారు. అది లోపం కాదు, వాళ్ళు మెక్సికో పద్ధతిలో రాతి తిరగలితో కావాలనే అలా ఉంచుతారు. మామూలు చాక్లెట్‌ని 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) దాకా రుబ్బుతారు, 30 దాటితే నాలుకకి గరుకు తెలుస్తుంది.

ఈ చిన్న తయారీదారులు అమెరికాలో ఇంతమంది పుట్టుకురావడం వెనక మన వంటింటి యంత్రమే ఉంది, ఆ సంగతి చాలామందికి తెలియదు. ఇడ్లీ పిండి రుబ్బే టేబుల్‌టాప్ వెట్ గ్రైండర్‌లో గ్రానైట్ రాళ్ళు, మోటారు బలపరిచి, రెండు మూడు రోజులు ఆగకుండా తిరిగేలా మార్చి చాక్లెట్‌కి వాడారు. అంతకు ముందు పెద్ద యంత్రాలు కొనలేక ఆగిపోయినవాళ్ళు దీనితో ఇంటి గరాజుల్లోనే మొదలుపెట్టారు. కోయంబత్తూరు గ్రైండర్లు ఇప్పటికీ ఆ రంగంలో మామూలు సరుకు. మీ ఇంట్లో పిండి గ్రైండర్‌తో ప్రయత్నించకండి మాత్రం. వెల్లుల్లి, మెంతుల వాసన రాయిలోంచి పోదు, మోటారు కూడా అన్ని గంటలు తట్టుకోదు.

మీరు ఎప్పుడైనా యూరప్‌కి మారితే: జర్మనీలో 'జార్ట్‌బిట్టర్' అంటే సాధారణంగా 50 శాతం చుట్టూ, 'ఎడెల్‌బిట్టర్' అంటే 60 ఆపైన. అక్కడి ఆల్డీ, లిడిల్ సొంత బార్లే మంచి సరుకు. బ్రిటన్‌లో బోర్న్‌విల్ డార్క్ అనే పేరుతోనే అమ్ముతారు గానీ కోకో 36 శాతం మాత్రమే. ఫ్రాన్స్‌లో ఉంటే వాల్రోనా, బొన్నా, మిషెల్ క్లూజెల్ బార్లు చూడండి. బొన్నా 75 శాతం బార్లలో కోకో బటర్ దండిగా ఉంటుంది, చేదంటే భయపడేవాళ్ళకి అదే మొదటి బార్‌గా ఇవ్వొచ్చు.

ఒకసారి మామూలు 70 శాతం అలవాటయ్యాక గింజ పండిన దేశం పేరు చూసి కొనడం మొదలుపెట్టండి. ఒకే శాతంలో రెండు దేశాల బార్లు కొని పక్కపక్కన తింటే, పది వ్యాసాలు చదివినా రానిది అప్పుడు తెలుస్తుంది. మడగాస్కర్ గింజలో పులుపు ముందు తగులుతుంది, రాస్ప్‌బెర్రీ, నారింజ వైపు. గింజ సహజంగానే అలా ఉంటుంది, పాడవలేదు. ఘనా గింజ మనకి చిన్నప్పటి నుంచి తెలిసిన 'చాక్లెట్' రుచి, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా. ఈక్వడార్‌లో పూల వాసన. పపువా న్యూగినీలో వానలెక్కువ, గింజని కట్టెల వేడి మీద ఎండబెడతారు కాబట్టి కొన్నిట్లో పొగ వాసన ఉంటుంది. వియత్నాం గింజ కావాలంటే మరూ అని 2011లో హో చి మిన్ నగరంలో మొదలైన తయారీదారుల బార్లు అమెరికాలోనూ దొరుకుతాయి, మసాలా ఘాటు, పులుపు కలిసి ఉంటాయి. నా ఓటు అడిగితే పులుసు, చారు తిని పెరిగిన నోటికి మడగాస్కర్ త్వరగా నచ్చుతుంది. చేదు తగ్గించడానికి మనవాళ్ళు తీపి వెతుకుతారు గానీ, నిజానికి పులుపు ఉన్న బార్ వెతకాలి.

మెట్లు ఇలా ఎక్కండి. 55, 60 దగ్గర రెండు మూడు వారాలు, తర్వాత 70, అక్కడే చాలాకాలం ఉండండి. 75, 80 కావాలనిపిస్తేనే. ఎక్కువ శాతం తినగలగడం పెద్ద ఘనకార్యమేమీ కాదు. మంచి గింజ రుచి చాలావరకు 65 నుంచి 75 మధ్యలోనే బాగా బయటపడుతుంది. 100 శాతం కుతూహలంగా ఉంటే వేరుశనగ గింజంత ముక్క, పక్కన చిటికెడు తాటి బెల్లం పెట్టుకొని చూడండి.

తినే పద్ధతి కూడా రుచిలో సగం. భోజనం అయిన వెంటనే తినొద్దు, ముఖ్యంగా ఆవకాయ తర్వాత. కారం మంట నోట్లో ఉండగా చేదు ఒక్కటే పైకి తేలుతుంది. కాఫీ తాగాక కూడా అంతే. గంట ఆగి, గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించండి. చల్లటి నీళ్ళు వద్దు, నోరు చల్లబడితే కోకో బటర్ కరగదు. బార్ గది వేడిలో, 20 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండాలి. 5 గ్రాముల ముక్క విరవండి. మంచి బార్ టక్కుమని విరుగుతుంది, విరిగిన అంచు శుభ్రంగా ఉంటుంది. మైనంలా వంగితే సరిగ్గా టెంపర్ కాలేదని (కరిగిన చాక్లెట్‌ని పద్ధతిగా చల్లార్చి గట్టిపరచడమే టెంపరింగ్), లేదా ఎక్కడో కరిగి మళ్ళీ గట్టిపడిందని అర్థం. విరిచిన అంచును ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి, పై ఉపరితలం కన్నా అక్కడే వాసన ఉంటుంది.

నోట్లో వేసుకున్నాక రెండు మూడు సార్లు కొరికి, నమలడం ఆపండి. నాలుకకి, అంగిటికి మధ్య పెట్టి కరగనివ్వండి. సరిగ్గా టెంపర్ అయిన కోకో బటర్ 33, 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఒంటి వేడికి కాస్త తక్కువ. అందుకే చేతిలో కాసేపు గట్టిగా నిలిచేది నోట్లో జారిపోతుంది. బిస్కెట్‌లా గబగబా నమిలి మింగితే కోకో పొడి నాలుకకి అంటుకుని చేదూ వగరూ మాత్రమే మిగులుతాయి. మీ 85 శాతం బార్ విషయంలో సగం జరిగింది ఇదే కావచ్చు. కరిగేటప్పుడు మొదట తీపి, తర్వాత పులుపు, చివర చేదు వస్తాయి, మింగాక ఐదు నిమిషాలైనా మంచి వాసన నోట్లో ఉంటుంది. చివర నాలుక పీక్కుపోయినట్టు వగరుగా, పచ్చి అరటికాయ కొరికినట్టు ఉంటే గింజ సరిగ్గా పులియలేదు. బూడిద, మాడు రుచి వస్తే ఎక్కువ వేయించారు. వెనిగర్ ఘాటు కొడితే పులిసింది గానీ తొందరపడి ఎండబెట్టారు. ఇవి గింజలోనో తయారీలోనో ఉన్న తప్పులు, మీరు అలవాటు చేసుకోవాల్సినవి కావు.

ఇక తెల్లబడటం. రెండు రకాలు. వేడికి కోకో బటర్ కరిగి పైకి వచ్చి, గట్టిపడి బూడిద రంగు చారలుగా కనబడేది ఒకటి. వేలితో రుద్దితే జిడ్డుగా కరుగుతుంది. రెండోది తేమ వల్ల: ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి బార్ మీద గాలిలోని తేమ నీటి బొట్లుగా పేరుకుంటుంది, పైన చక్కెర అందులో కరిగి, ఆరాక గరుకు పొడిగా మిగులుతుంది. మీది రెండోది కావచ్చు. రెండూ తినొచ్చు, బూజు కాదు, రుచి మాత్రం తగ్గుతుంది.

నిల్వకి 60 నుంచి 68 ఫారెన్‌హీట్, అంటే 16 నుంచి 20 సెల్సియస్, చీకటి, పొడి చోటు. టెక్సాస్ ఇంట్లో ఏసీ 74 ఫారెన్‌హీట్‌లో ఉన్నా కింది అరలో, పొయ్యికి దూరంగా, బయటి గోడకి ఆనని అల్మారాలో కొన్ని నెలలు బాగానే ఉంటుంది. మన ఇళ్ళలో వేడి కన్నా పెద్ద శత్రువు వాసన. కోకో బటర్ చుట్టూ ఉన్న వాసనల్ని ఇట్టే పీల్చుకుంటుంది. పోపుల డబ్బా, ఇంగువ, సాంబారు పొడి ఉన్న అరలో తెరిచిన బార్ పెడితే వారానికే ఇంగువ చాక్లెట్ తయారవుతుంది. తెరిచిన బార్‌ని దాని రేకులోనే బిగించి చుట్టి, జిప్‌లాక్ కవర్లో గాలి తీసేసి, దాన్ని మళ్ళీ గాజు డబ్బాలో పెట్టండి. వాసన పట్టిన పాత ఊరగాయ ప్లాస్టిక్ డబ్బా వద్దు.

ఊరికి వెళ్తూ ఏసీ ఆపేసే ఇంట్లోనైతే ఫ్రిజ్ తప్పదు. అదే మూడు పొరల చుట్టుతో కూరగాయల అరలో పెట్టండి. తిరిగి తీసేటప్పుడు డబ్బా మూత తెరవకుండా నాలుగైదు గంటలు, పెద్ద డబ్బా అయితే రాత్రంతా బయట ఉంచి, లోపలిది పూర్తిగా గది వేడికి వచ్చాకే తెరవాలి. తేమ డబ్బా బయట పేరుకుంటుంది, చాక్లెట్ మీద కాదు. ఈ ఒక్క మెట్టు దాటేయడం వల్లే మీ బార్ తెల్లబడి ఉండొచ్చు.

ఆన్‌లైన్ ఆర్డర్లు మే నుంచి సెప్టెంబర్ దాకా టెక్సాస్‌కి పెట్టకపోవడమే మంచిది. తప్పకపోతే ఐస్ ప్యాక్‌తో పంపే చోట, ఆది, సోమవారాల్లో ఆర్డర్ ఇవ్వండి, శని ఆదివారాలు గోదాములో చిక్కుకోకుండా వారంలోపే చేరుతుంది. ఎండలో కాగే మెయిల్‌బాక్స్‌కి కాకుండా ఆఫీసుకో, లోపలికి తీసుకునే పికప్ చోటుకో తెప్పించండి. అక్టోబర్‌లో ఆరు నెలలకి సరిపడా తెప్పించుకోవడం ఇంకా తెలివైన పని. విడి డార్క్ బార్ ఏడాది పైనే నిలుస్తుంది, బాదం లాంటి గింజలు కలిసినది అంత కాలం ఉండదు, నూనె కంపు కొడుతుంది.

ఆరోగ్యం గురించి రెండు మాటలే. 70 శాతం బార్‌లో 10 గ్రాముల ముక్కకి చక్కెర 3 గ్రాములు, చెంచా కన్నా తక్కువ. కానీ 100 గ్రాములకి 600 కేలరీలకి దగ్గర, కాబట్టి మందులా భావించి సగం బార్ లాగించకండి. రోజుకి 10, 20 గ్రాములు చాలు. 20 గ్రాముల్లో కెఫీన్ 16 మిల్లీగ్రాముల చుట్టూ, అది చిన్నదే, నిద్ర పల్చగా పట్టేవాళ్ళు రాత్రి మానుకోండి. షుగర్‌ఫ్రీ బార్లలో చక్కెర బదులు వేసే మాల్టిటాల్ ఉంటే కడుపు ఉబ్బరం, పైగా చక్కెర స్థాయి కూడా కొంత పెరుగుతుంది, మధుమేహం ఉన్నవాళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఇంట్లో కుక్క ఉంటే బార్ దానికి అందకూడదు. కోకోలోని థియోబ్రోమిన్ కుక్కలకి విషం, శాతం పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ.

చాక్లెట్‌లో సీసం, కాడ్మియం అనే హానికర లోహాలు ఉంటాయన్న భయం ఊరికే పుట్టింది కాదు. అమెరికాలో వస్తువుల్ని పరీక్షించే వినియోగదారుల సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ 2022 డిసెంబర్‌లో 28 డార్క్ బార్ల ఫలితాలు ప్రకటించింది. రోజుకి ఒక ఔన్సు (28 గ్రాములు) తింటే 23 బార్లలో ఈ రెండిటిలో కనీసం ఒకటి, వాళ్ళు కొలతగా పెట్టుకున్న కాలిఫోర్నియా పరిమితిని దాటుతుందని తేలింది. ఆ పరిమితి చాలా కఠినమైనది, సీసానికి రోజుకి 0.5 మైక్రోగ్రాములు. కాడ్మియం నేలలోంచి చెట్టు పీల్చుకుంటుంది, దక్షిణ అమెరికా గింజల్లో ఎక్కువ, పశ్చిమ ఆఫ్రికా వాటిలో తక్కువ. సీసం చాలావరకు కోత తర్వాత, ఆరబెట్టేటప్పుడు దుమ్ములోంచి అంటుతుంది. యూరప్‌లో 50 శాతం పైబడిన చాక్లెట్‌కి కాడ్మియం కిలోకి 0.8 మిల్లీగ్రాములు దాటకూడదని 2019 నుంచి నిబంధన ఉంది. చెయ్యాల్సింది ఇంతే: ఒకే బార్‌కి అతుక్కుపోకుండా దేశాలు మార్చండి, 85, 90లకి బదులు 70లో ఉండండి, గర్భిణులు, చిన్నపిల్లలు రోజూ తినకుండా చూడండి.

ఊరి ప్రయాణం. జూన్‌లో వెళ్తున్నారు కాబట్టి చాక్లెట్ చేతి సంచీలో పెట్టండి. గట్టి బార్లకి విమానాశ్రయ భద్రతలో ఇబ్బంది లేదు. సీసాలో ఉండే చాక్లెట్ స్ప్రెడ్‌కి మాత్రం ద్రవాల నిబంధన వర్తిస్తుంది. జెల్ ఐస్ ప్యాక్ పెడితే తనిఖీ సమయానికి రాయిలా గడ్డకట్టి ఉండాలి, సగం కరిగితే తీసేస్తారు. చెకిన్ పెట్టెలో తప్పనిసరైతే బట్టల మధ్య, పెట్టె నడుమ ఉంచండి. విమానం లోపల చల్లగానే ఉంటుంది, ముప్పంతా దోహా, దుబాయ్ లాంటి చోట్ల విమానం బయట ఎండలో సామాను ఆగే సమయంలోనే.

ఇంట్లోవాళ్ళకి 85 శాతం తీసుకెళ్ళకండి. మొహమాటానికి ఒక ముక్క తిని, మిగతాది ఫ్రిజ్ తలుపులో నెలలు పడుంటుంది. 50, 60 శాతం మధ్య, బాదం లేదా నారింజ తొక్క కలిసినవి చెల్లుతాయి. డార్క్ మీద మోజు ఉన్న మనిషి ఇంట్లో ఉంటే బయటి బార్ అసలు మోయక్కర్లేదు. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే, ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2023లో తెరిచిన మనం చాక్లెట్ వాళ్ళు తడికలపూడి దగ్గర ఈ గింజనే పులియబెట్టి బార్లు చేస్తున్నారు, టైమ్ పత్రిక 2024లో చూడదగ్గ ప్రపంచ స్థలాల జాబితాలో ఆ చోటుని చేర్చింది. వచ్చేటప్పుడు అవే రెండు మూడు తెచ్చుకుని, మడగాస్కర్ బార్ పక్కన పెట్టి తిని చూడండి. గట్టి చాక్లెట్‌ని అమెరికాలోకి తేవచ్చు, కస్టమ్స్‌లో ఆహారం ఉందా అని అడిగితే ఉందని చెప్పండి చాలు.

ఇప్పటికే తెల్లబడ్డ బార్లు పారేయొద్దు, తాగేయండి. ఒక కప్పుకి 30 గ్రాములు సన్నగా తరిగి గిన్నెలో వేసి, మరిగిన పాలు 50 మిల్లీలీటర్లు పోసి, ఒక నిమిషం కదపకుండా ఉంచి, మధ్య నుంచి బయటికి కలపండి. నిగనిగలాడే ముద్ద అయ్యాకే ఇంకో 100 మిల్లీలీటర్ల పాలు పోసి సన్నటి మంట మీద ఒక నిమిషం గిలక్కొట్టండి. పాలన్నీ ఒకేసారి పోస్తే కొవ్వు విడిపోయి పైన నూనె తేలుతుంది. మీ 85 శాతం బార్‌కి చెంచాడు చక్కెర, చిటికెడు ఉప్పు పడితే సరిపోతుంది. ఉప్పు చేదుని తగ్గిస్తుంది, అందుకని మానకండి. విడిగా కరిగించి ఏమైనా ముంచాలనుకుంటే మాత్రం గిన్నె, గరిటె పొడిగా ఉండాలి. రెండు చుక్కల నీళ్ళు పడినా కరిగిన చాక్లెట్ ఇసక ముద్దలా బిగుసుకుపోతుంది. అలా అయితే ఇంకా వేడి చెయ్యకండి, మాడుతుంది. 60 గ్రాములకి రెండు పెద్ద చెంచాల వేడి నీళ్ళో పాలో పోసి గట్టిగా కలిపితే మళ్ళీ జారుగా వస్తుంది, అప్పుడది ముంచడానికి పనికిరాదు గానీ ఐస్‌క్రీమ్ మీద సాస్‌గా పోసుకోవచ్చు.